పూలు ఎప్పుడొస్తాయండీ? సైనిక్‌పురిలో ఒక సీజన్ పూలమడి కేసు

హైదరాబాద్ సైనిక్‌పురిలో నేను తోట వేసిన ఇంటావిడ డిసెంబర్ చివరి వారంలో ఫోన్ చేసి అడిగిన మాట ఇది. "పూలు ఎప్పుడొస్తాయండీ? నారు నాటి రెండు నెలలు కావస్తోంది కదా." అప్పటికి మడి నిండా పూలే. రెండు రోజుల ముందు పొద్దున్నే వెళ్ళి ఫోటోలు కూడా తీసుకొచ్చాను. కొత్త క్లయింట్లకు చూపించే ఆల్బమ్‌లో మొదటి పేజీలో పెట్టుకున్నాను. అలాంటిది, డబ్బులిచ్చి తోట వేయించుకున్న మనిషి పూలు ఎప్పుడొస్తాయని అడుగుతోంది. ముందు కోపం వచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే స్కూటర్ తీసుకుని సైనిక్‌పురి వెళ్ళాను.

చోటు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, ఎందుకంటే నేను మొదటి ఏడు సరిగ్గా చూడనిది అదే. పడమర ముఖం ఇల్లు, ఒకటే అంతస్తు. వరండా ముందు 25 అడుగుల లాన్. లాన్ చివర 5 అడుగుల ఎత్తు ప్రహరీ గోడ. ఆ గోడ పాదాన 24 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున మడి. పొద్దున తొమ్మిదింటికల్లా ఇంటి నీడ మడి మీంచి తప్పుకుంటుంది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతానికి గోడ నీడ మడిని చాలావరకు కప్పేస్తుంది. నడుమ ఐదు గంటలకు పైగా మంచి ఎండ. పెటూనియాకి, బంతికి అది చాలు. చూసి, మట్టి బాగుంది, ఎండ బాగుంది అనుకుని సంతోషపడ్డాను. మొక్కకి ఎండ ఎప్పుడు తగులుతుందో లెక్క వేశాను. మనిషికి మొక్క ఎప్పుడు కనబడుతుందో వేయలేదు.

ఆవిడ బ్యాంకులో ఆఫీసర్. భర్తది కూడా ఉద్యోగమే. ఇంట్లో అత్తగారు ఉంటారు. మొదటిసారి కూర్చున్నప్పుడు ఆవిడ ఫోన్‌లో తన పట్టుచీర ఫోటో ఒకటి చూపించారు. నేరేడు పండు రంగు ఒళ్ళు, మెరూన్ అంచు. "ఇలా రిచ్‌గా ఉండాలి. పసుపూ నారింజా బంతిపూలైతే ప్రతి గుమ్మం ముందూ ఉంటాయి" అన్నారు. నాకూ నచ్చింది. ముదురు రంగులు కలిపి వేయడం మా పనిలో కొంచెం గొప్పగా చెప్పుకునే విషయం. వెనక వరుసలో ముదురు ఎరుపు యాంటిరైనం, మధ్యలో ఎర్ర సాల్వియా, ఊదా సాల్వియా, ముందు ముదురు ఊదా పెటూనియా, నడుమ నడుమ వయొలెట్ వెర్బీనా. అంచున మట్టి కనబడకుండా తెల్ల అలిసమ్ ఒక సన్నటి చాలు. ఆ అలిసమ్ ప్లాన్‌లో లేదు, ఇంకో సైట్‌లో మిగిలిన ట్రే.

మన దగ్గర ఈ శీతాకాలపు ఏకవార్షికాలకి, అంటే ఒక్క సీజన్ పూసి పోయే మొక్కలకి, సమయం అందరికీ తెలిసిందే. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబర్ రెండో సగంలో ప్రోట్రేల్లో (నారు పోసుకునే గుంటల ట్రేల్లో) విత్తనం, అక్టోబర్ చివర నుంచి నవంబర్‌లో నాట్లు, డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా పూత. మార్చిలో ఎండ ముదిరితే పెటూనియా ఇక మాట వినదు. ఈ లెక్కంతా సరిగ్గానే నడిచింది. నారు బాగా పట్టింది, తలలు తుంచాం, గుబురుగా వచ్చింది.

ఆ సాయంత్రం ఐదున్నరకి వరండాలో కూర్చున్నాను. ఆవిడ ఇంకా రాలేదు, అత్తగారు టీ ఇచ్చారు. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఐదూ నలభై, నలభై ఐదుకే సూర్యుడు దిగిపోతాడు. గోడ వెనక ఆకాశం మాత్రం ఇంకా బంగారంలా వెలుగుతోంది. ఆ వెలుగుకి కళ్ళు అలవాటు పడితే, గోడ నీడలో ఉన్న మడి బావిలాగా కనబడుతోంది. నేను చూస్తుండగానే ముదురు ఎరుపు యాంటిరైనం నల్లబడింది. తర్వాత సాల్వియా ఎరుపు. ఊదా పెటూనియా ఎప్పుడు ఆకుల్లో కలిసిపోయిందో పట్టుకోలేకపోయాను. ఆరుంబావుకి ఆవిడ గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి కనబడుతున్నది ఒక్కటే. కింద, అంచు వెంట, సున్నంతో గీసినట్టు తెల్లటి అలిసమ్ గీత.

ఆవిడ స్విచ్ వేశారు. మడి దగ్గర రెండు దీపాలు, పసుపు రంగు వెలుతురు. ఇప్పుడైనా బాగుంటుందేమో అనుకున్నాను. ఊదా పూలు బురద రంగుకి తిరిగాయి.

"పొద్దున ఎనిమిదికి పరుగే కదండీ, ఇటు చూసే తీరిక ఎక్కడ? సాయంత్రం వచ్చి ఇక్కడే కూర్చుంటాం" అన్నారావిడ. ఆ మాట నేను ఆగస్టులో అడిగి ఉండాల్సింది.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి, మసక వెలుతురులో కన్ను చూసే తీరే మారిపోతుంది. కంట్లో పట్టపగలు పనిచేసే కోన్ కణాలు పసుపు పచ్చ ప్రాంతాన్ని బాగా పట్టుకుంటాయి. చీకటి పడేకొద్దీ పని అందుకునే రాడ్ కణాలు నీలం, ఆకుపచ్చల వైపు జరుగుతాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం మొదటి భాగంలో గమనించింది ఇదే, అందుకే ఆయన పేరే పెట్టారు. కాబట్టి ఎరుపు ముందు పోవడం సహజం. మరి నీలం వైపు ఉన్న ఊదా నిలవాలి కదా? నిలవలేదు, ఎందుకంటే రెండో విషయం, ఆ రేకు ఎంత వెలుతురును తిరిగి మనకి పంపుతోంది అన్నది. ముదురు ఊదా రేకు పంపేది చాలా తక్కువ. లేత లావెండర్ అయితే అదే సమయంలో మెరుస్తూ ఉండేది. రంగు పేరు కంటే లేతదా ముదురుదా అన్నదే సాయంత్రం తోటకి ముఖ్యం.

ఇంటికి వెళ్ళి ఆల్బమ్‌లో ఆ మొదటి పేజీ ఫోటోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూశాను. పూలకీ ఆకులకీ తేడా లేదు, అంతా ఒకటే బూడిద రంగు. ఐదు సెకన్ల పని. నాటడానికి ముందే ఎన్నోసార్లు చేయగలిగిన పని. ఇప్పుడు ప్రతి ప్లాన్‌కీ ముందు అది చేస్తాను. పూల ఫోటోలు పక్కపక్కన పెట్టి రంగు తీసేస్తే, ఏది దేనిలో కలిసిపోతుందో అప్పుడే తెలిసిపోతుంది.

ఆ ఏడాదికి చేయగలిగింది తక్కువ. బల్బులు రెండూ మార్చాం. వార్మ్ వైట్ తీసి న్యూట్రల్ వైట్ పెడితే ఊదా కొంత ఊపిరి పోసుకుంది. వేరే సైట్ నుంచి తెల్ల పెటూనియా ఇరవై మొక్కలు కుండీలతో సహా తెచ్చి మధ్యలో దించాను. ఫీజులో కొంత తగ్గించుకున్నాను. వచ్చే ఏడాది మళ్ళీ నేనే వేస్తానని నేనే అడిగాను.

రెండో ఏడు ఆగస్టులోనే మొదలుపెట్టాం. ఈసారి రంగుల చక్రం బయటికి తీయలేదు. ఎదురెదురు రంగులు, పక్కపక్క రంగులు అంటూ చక్రం చెప్పేదంతా మంచి వెలుతురులో చెప్పే మాట. దాని బదులు మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళాను. పన్నెండు జాకెట్ ముక్కలు కొన్నాను. తోటల పని చేసేవాళ్ళకి మ్యాచింగ్ సెంటర్ కంటే మంచి బడి లేదని నా అభిప్రాయం. విత్తనాల ప్యాకెట్ మీద పింక్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అక్కడి కుర్రాడు ఉల్లిపొర, గులాబీ, దొండపండు, రాణి అని నాలుగు తాన్లు విప్పి పరుస్తాడు. వంకాయ రంగుకీ నేరేడు రంగుకీ తేడా ఏమిటో వెలుతురులోకి తీసుకెళ్ళి మరీ చూపిస్తాడు.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం గోడ ముందు తాడు కట్టి, ఆ ముక్కలన్నీ బట్టల క్లిప్పులతో తగిలించాం. అప్పటికి పొద్దు ఆరుంబావు దాకా ఉంటుంది. అందరం వరండాలో కూర్చుని చూశాం. మెరూన్ మొదట పోయింది. తర్వాత వంకాయ, నేరేడు, ఆ తర్వాత ఎరుపు. నారింజ కాసేపు పోరాడింది. ఆరూ నలభైకి మిగిలినవి తెలుపు, నిమ్మపండు పసుపు, లావెండర్, ఉల్లిపొర. "అయితే నా పట్టుచీర?" అన్నారావిడ. చీర కట్టుకుని ఫంక్షన్‌హాల్ లైట్ల కింద నిలబడతారు, గోడ నీడలో కాదు కదా అన్నాను. నవ్వారు. నిమ్మపసుపుకి ఒప్పుకున్నారు. పేరు మాత్రం బంతి అనొద్దన్నారు.

ఈ రంగులతో మొదట గీసిన ప్లాన్‌లో నేను నాలుగింటినీ మచ్చలు మచ్చలుగా, ఒకదాంట్లోకి ఒకటి జారినట్టు గీశాను. కాగితం మీద అందంగానే ఉంది. ఆ కాగితం చూసి కుదిరే పని కాదని చెప్పింది అత్తగారు. అది బతుకమ్మ రోజులు, ముందుగదిలో తాంబాళం పెట్టుకుని పేరుస్తున్నారు. కింద వరుస తంగేడు, దాని మీద రంగులో ముంచిన గునుగు, మీద బంతి, మళ్ళీ గునుగు. నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క వరుసకు ఒక్క పువ్వే బిడ్డా. కలగలిపితే దూరంకెళ్లి చూస్తే ఏం తెల్వదు" అన్నారు. నిజమే. 25 అడుగుల దూరం నుంచి రూపాయి బిళ్ళంత పూలు రంగురంగులుగా కలిస్తే కన్ను వాటిని విడదీయలేదు, అన్నిటినీ కలిపి ఒక మట్టి రంగు చేసేస్తుంది. దగ్గరగా నడిచే దారి పక్కన అయితే కలగలుపు బాగుంటుంది. లాన్ అవతలి మడికి పట్టీలే కావాలి. కాగితం అక్కడే మడిచి జేబులో పెట్టుకున్నాను.

కొత్త ప్లాన్ నాలుగు పట్టీలు. గోడ పక్కన నిమ్మపసుపు ఆఫ్రికన్ బంతి, దాని ముందు తెల్ల కాస్మాస్ పొట్టి రకం, తర్వాత లేత లావెండర్ పెటూనియా, అంచున తెల్ల అలిసమ్, ఈసారి పిల్ల గీతలా కాకుండా అడుగు వెడల్పున. గోడ పాత తెలుపు, వెలిసిపోయి బూడిద రంగుకి వచ్చింది. దాని ముందు నిమ్మపసుపు బాగా లేస్తుందని లెక్క.

నారు పెరుగుతోంది. నవంబర్ మొదటి వారంలో నాటడానికి ట్రేలు వేసుకుని వెళ్తే, గేటు దగ్గర పెయింట్ డబ్బాలు. మాఘమాసంలో వాళ్ళబ్బాయి నిశ్చితార్థం ఖాయమైంది. ఇల్లంతా రంగులు వేయిస్తున్నారు. ప్రహరీ గోడకి గంధం రంగు, అప్పుడే రెండో కోటు పడుతోంది. నాకెవరూ చెప్పలేదు, చెప్పాలని వాళ్ళకి తట్టే విషయమూ కాదు. గంధం రంగు గోడ ముందు నిమ్మపసుపు బంతి అంటే పెరుగన్నంలో కొబ్బరి ముక్క వెతకడమే.

ఇక్కడే ఒక పాత సంగతి అక్కరకొచ్చింది. పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో రంగులద్దే విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా ఉండేవాడు. నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఆయనకి ఫిర్యాదులొచ్చాయి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా నూలు పక్కన నేయడం వల్ల నలుపు వెలిసినట్టు కనబడుతోంది. దీని మీద ఆయన పరిశోధనంతా 1839లో అచ్చయింది. పువ్వు విషయంలోనూ అంతే, దాని రంగు సగం దానిది, సగం దాని వెనక ఉన్నదానిది.

వరండా నేల మట్టం నుంచి రెండడుగుల ఎత్తు. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను ఐదడుగులపైన ఉంటుంది. అంటే మడిని కొంచెం పైనుంచి కిందికి చూస్తున్నారు. గోడ నేపథ్యంగా కనబడేది ఒక్క ఆఖరి వరుసకే. ముందు వరుసల వెనక ఉండేది గోడ కాదు, వెనక వరుస ఆకులు. అందుకని వెనక రెండు పట్టీలనీ తారుమారు చేశాం. తెల్ల కాస్మాస్ గోడ దగ్గరికి వెళ్ళింది. గంధం ముందు తెలుపు కొట్టొచ్చినట్టు ఉండదు, కానీ దాని ఆకు సన్నగా, దట్టంగా తెరలా నిలబడుతుంది. ఆ తెర ముందు నిమ్మపసుపు బంతి. కింద బంతి ముదురు ఆకు. దాని ముందు లావెండర్. గోడకీ బంతికీ మధ్య పచ్చటి తెర ఒకటి వచ్చాక గోడ ఏ రంగైతే ఏం? కాస్మాస్ 47 మొక్కలు రెండు చాళ్ళలో వంకర టింకరగా, అడుగుకొకటి. పెటూనియా కూడా రెండు చాళ్ళలో, పది అంగుళాలకొకటి చొప్పున 57. అలిసమ్ కూడా అలాగే, అర అడుగుకొకటి, 95. బంతి రెండు చాళ్ళు.

ఎర్ర పువ్వు సంగతి మిగిలిపోయింది. అత్తగారు మడి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎర్ర పువ్వు లేని తోట ఏం తోట బిడ్డా" అన్నారు. అత్తగారు కూర్చునేది పగటిపూట, వరండా మెట్ల మీద. పూజకి పూలు కోసేదీ ఆవిడే. మెట్లకి అటూ ఇటూ ఎనిమిది కుండీలు పెట్టి ఎర్ర సాల్వియా, నారింజ బంతి వేశాం. మెట్ల పైన దీపం మాత్రం పాత పసుపు వెలుతురుదే ఉంచాం. ఆ వెలుతురులో ఎరుపూ నారింజా మండిపోతాయి. చల్లటి రంగులకి తెల్ల దీపం, వేడి రంగులకి పసుపు దీపం. ఎలక్ట్రీషియన్ రెండు రకాల బల్బులేంటని గొణిగాడు గానీ పెట్టాడు.

నారు దగ్గర ఒక దెబ్బ తగిలింది. ఒక నర్సరీ వాళ్ళు నిమ్మపసుపు అని ఇచ్చిన బంతిలో మొగ్గ విప్పాక చూస్తే ఆరు మొక్కలు నారింజ. చేలో కోసిన పూల నుంచి తీసిన విత్తనమైతే ఇలా జరుగుతుంది, పక్క చేను పుప్పొడి కలుస్తుంది. ఒకే రంగు ఖచ్చితంగా కావాలంటే హైబ్రిడ్ ప్యాకెట్ కొని మనమే పోసుకోవడం మేలు. పెటూనియా అలాగే చేశాను, ఎందుకంటే పెటూనియా నారుని చూసి రంగు చెప్పడం నాకు చేతకాదు. ఎప్పుడూ పదో వంతు నారు అదనంగా కవర్లలో పెంచుకుంటాను. ఆ ఆరు మొక్కల్నీ వేరు మట్టితో సహా లేపి, కవర్లలోవి నాటాం. నారింజవి అత్తగారి కుండీల్లోకి వెళ్ళాయి. పసుపు పట్టీలో ఒక్క నారింజ పువ్వు ఉన్నా కన్ను ముందు దాని మీదికే పోతుంది, అందుకే అంత పట్టుబట్టాను.

జనవరి మొదటి వారంలో చెప్పకుండా వెళ్ళాను, ఆరున్నర ప్రాంతంలో. గేటు బయటే నిలబడి చూశాను. దీపాలు ఇంకా వేయలేదు. అలిసమ్ పాల మీగడలా అంచు వెంట పరుచుకుంది. లావెండర్ పగటికంటే లేతగా, దాదాపు నీలంగా తేలుతోంది. బంతి పూలు గుండ్రంగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వెనక కాస్మాస్ గాలికి ఊగుతుంటే తెల్ల చుక్కలు కదులుతున్నాయి. పగలు చూస్తే ఇదే మడి కొంచెం వెలవెలబోతుంది, ఆ మాటా చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో లేత రంగులన్నీ ఉతికి ఆరేసినట్టుంటాయి. ఫోటోలు బాగా రాలేదు. ఆల్బమ్‌లో పెట్టలేదు. ఆ సమయంలో ఆ ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి నాకు బాధ లేదు.

తెలుపుతో వచ్చే తలనొప్పి మాత్రం నేను తక్కువ అంచనా వేశాను. తెల్ల పువ్వు వాడిపోతే గోధుమ రంగు మరక అయి కూర్చుంటుంది, దూరం నుంచి కూడా కనబడుతుంది. ముదురు ఎరుపు పువ్వు వాడిపోతే ఆకుల్లో దాక్కుంటుంది. మొదటి ఏడు మాలి వారానికి ఒకసారి వాడిన పూలు తుంచితే సరిపోయేది. రెండో ఏడు మూడుసార్లు. "తెల్ల చొక్కా వేసుకుని మట్టిపని చేసినట్టుంది సార్" అన్నాడు. అతనికి నెలకి ఇచ్చేది పెంచాల్సి వచ్చింది. కాస్మాస్ కూడా అనుకున్నదానికంటే ఎత్తు పెరిగి, నీళ్ళూ ఎరువూ ఎక్కువై, జనవరి చివర గాలికి ఒక పక్కకి ఒరిగిపోయింది. వెదురు పుల్లలు పాతి పురికొసతో కట్టాం. వచ్చే ఏడు అక్కడ ఎరువు సగానికి తగ్గిస్తాను. ఫిబ్రవరిలో బంతికి ఎర్రనల్లి తగిలింది, అది ప్రతి ఏడూ ఉండేదే.

నిశ్చితార్థం రోజు సాయంత్రం లాన్ మీద కుర్చీలు వేశారు. ఫోటోగ్రాఫర్ పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ మడి ముందే నిలబెట్టాడు. అమ్మాయి నేరేడు రంగు పట్టుచీర కట్టుకుంది, మెరూన్ అంచు. అత్తగారూ కోడలూ కలిసి కొన్నారట. లేత పూల ముందు ఆ చీర ఎంత లేచిందో చెప్పలేను. మొదటి ఏడు మడి ముందు నిలబెట్టి ఉంటే మొహం తప్ప ఏమీ కనబడేది కాదు.

మార్చి మూడో వారంలో పెటూనియా పీకేశాం. ఎండాకాలానికి తెల్ల బిళ్ళగన్నేరు వేద్దామనుకున్నాం, హైదరాబాద్ ఎండకి తట్టుకుని పూసే వాటిలో దాన్ని మించింది నాకు తెలియదు. నారు నాలుగు ట్రేలు వచ్చింది, తెల్లవే అన్నారు. ఈసారి నాటడానికి ముందు మాలి ట్రేలు నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. బిళ్ళగన్నేరుకి ఒక సదుపాయం ఉంది, పువ్వు దాకా ఆగనక్కర్లేదు. తెల్ల పువ్వు పూసేదాని కాడ లేత ఆకుపచ్చగా ఉంటుంది, గులాబీ రంగు పూసేదాని కాడలో ఎరుపు జీర ఉంటుంది. బాల్సమ్‌కీ కోడిజుట్టు పువ్వుకీ కూడా ఈ కాడ గుర్తు చాలావరకు పనిచేస్తుంది. ఆకులు వేలితో పక్కకి తోసి, ఒక్కో మొక్క కాడనీ వెలుతురుకి తిప్పి చూస్తూ పోయాడు. గంట పట్టింది. నాలుగు ట్రేల్లో పదకొండు ఎర్ర కాడలు తేలాయి. అవి మెట్ల దగ్గరి కుండీల్లోకి వెళ్ళాయి.